చేదు మాత్ర, మామిడి తాండ్ర

మా అత్తయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు. పెళ్ళిచూపుల రోజు అందరూ కాఫీ గ్లాసులు పట్టుకుని మొహమాటంగా నవ్వుతూ కూర్చుంటే, ఆవిడ నన్ను తేరిపార చూసి, "పిల్ల రంగు తక్కువే. కళ్ళు బాగున్నాయి. ఫర్వాలేదు" అంది. మా అమ్మ మొహం మాడిపోయింది. వాళ్ళు వెళ్ళాక "ఇదేం మనిషి" అని అమ్మ గొణుగుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఎవరి మనసులో ఏముందో వెతుక్కునే పని ఉండదని అప్పుడే అనిపించింది.

అదే నిజమైంది. కూర బాగాలేకపోతే బాగాలేదంటుంది. బాగుంటే ఏమీ అనదు, మారు వడ్డించుకుంటుంది. నేను ఎంచిన చీర నచ్చకపోతే షాపులోనే చెప్పేస్తుంది, అమ్మేవాళ్ళు వింటున్నారని కూడా చూడదు. "మీ అత్త నాలిక్కి తలుపు పెట్టడం మర్చిపోయాడమ్మా ఆ బ్రహ్మ" అంటుంటారు మావయ్య. వాళ్ళిద్దరూ వినగడపలో, మామిడి తోట పక్కన ఇంట్లో ఉంటారు. మేం తిరువూరులో ఉంటాం. మా ఆయనకి ఇక్కడ ఎరువుల కొట్టుంది, నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. కోపం వస్తే వాళ్ళింటికి వెళ్ళకుండా ఉండొచ్చు, ఆకలేస్తే బండి మీద వెళ్ళి తిని రావొచ్చు, అంత దూరం. అత్తాకోడళ్ళ మధ్య అంతకంటే మంచి దూరం లేదని నా నమ్మకం.

ఆ దూరం మా అమ్మాయికి జబ్బు చేయగానే చెరిగిపోయింది.

అప్పుడు దానికి అయిదేళ్ళు. వానాకాలం. ఒకరోజు పొద్దున కళ్ళు రెండూ ఉబ్బిపోయి లేచింది. ఎక్కువసేపు పడుకుందేమోలే అనుకున్నాను. సాయంత్రానికి ఉబ్బు తగ్గింది, మర్నాడు మళ్ళీ వచ్చింది. స్కూలు నుంచి వచ్చాక సాక్సు విప్పితే, కాలి మీద ఎలాస్టిక్ పట్టిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. ఇక్కడి డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, ఫలితం చూసి, ఇంకేం మాట్లాడకుండా విజయవాడ వెళ్ళమన్నారు.

విజయవాడలో పిల్లల డాక్టరు ఓపికగా చెప్పారు. కిడ్నీల్లో వడపోత వదులైంది, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలో పోతోంది, అందుకే ఈ వాపు. ఈ వయసు పిల్లల్లో కనిపించేదే, చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. కాకపోతే మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు, వేసింది కడుపులో నిలవాలి. నిలవకపోతే తీసుకొచ్చి అడ్మిట్ చేయాలి, సూదితో ఎక్కించాలి. తిండిలో ఉప్పు దాదాపు మానేయాలి.

కిడ్నీ అన్న మాట మా వైపు ఎవరూ గట్టిగా అనరు. తిరుగు బస్సు ఎ.కొండూరు మీదుగానే వస్తుంది, కిడ్నీ జబ్బుతో తండాలకి తండాలే మంచాన పడ్డ చోటది. డయాలసిస్ చేయించుకుని వస్తున్న మనిషి ఒకాయన అక్కడ దిగాడు. ఆయన ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మా అమ్మాయిది ఆ జబ్బు కాదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పారు. విన్నాం, అర్థమైంది కూడా. అయినా భయం భయమే.

ఇంటికి మాతోపాటు రెండు కొత్త వస్తువులు వచ్చాయి. ఒకటి కాగితం పట్టీల డబ్బా. పొద్దున్నే మొదటి మూత్రంలో ఒక పట్టీ ముంచి చూడాలి. పసుపు రంగులోనే ఉంటే ప్రొటీన్ పోవడం లేదని, ఆకుపచ్చకి తిరిగితే పోతోందని. ఎంత ముదురైతే అంత నష్టం. మా పట్టీ రోజూ చింతాకు రంగుకి తిరిగేది. రెండోది ఆ మాత్రలు.

మాత్ర చూడ్డానికి ఎంతో లేదు, కందిబద్దంత. అలాంటివి ఒక్కసారే కొన్ని వేయాలి. మింగే వయసు కాదు కాబట్టి పొడిచేసి తేనెలో నాకించమన్నాడు మందుల షాపాయన. "పైన పూత ఉన్న మాత్రలు పొడి చేయకూడదమ్మా. దీనికి పూత లేదు, చేసుకోవచ్చు" అన్నాడు. ఆ పూత లేకపోవడమే మా ఖర్మ అని ఇంటికొచ్చాక తెలిసింది.

తేనె తియ్యదనం ఒక్క క్షణం. ఆ వెనకే అమ్మాయి మొహం ముడుచుకుపోయి, ఒళ్ళు జలదరించి, వాంతి. పంచదార పాకంలో ఇచ్చాను. అరటిపండు గుజ్జులో పెట్టాను. చాక్లెట్ పొడి కలిపిన పాలల్లో వేశాను. ఏది చేసినా తీపి ముందు వెళ్ళిపోయి చేదు వెనక మిగిలేది. పాలకి పాలు దండగ, మాత్రకి మాత్ర దండగ. వెంటనే వాంతి చేసుకుంటే మళ్ళీ ఇవ్వమన్నారు గనక ఆ గొడవంతా మళ్ళీ మొదలు.

నాకు ఓపిక తక్కువ. లెక్క రాని పిల్లలకి నాలుగుసార్లు చెబుతాను, అయిదోసారి గొంతు లేస్తుంది. ఇక్కడ రెండోసారికే లేచింది. చిన్నప్పుడు మా అమ్మ నాకు చేసినట్టే దాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో పోశాను. లోపలికి పోయినదానికంటే నా ఒంటి మీద పడిందే ఎక్కువ. మా ఆయనకి సరిగ్గా అదే సమయానికి కొట్టు దగ్గరికి ఎరువుల లారీ వచ్చేది. ఒక్క వానాకాలంలో అన్ని లారీలు ఎలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు.

అలాంటి ఒక పొద్దున అత్తయ్య బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. గుమ్మంలోనే ఆగి మా ఇద్దరినీ చూసింది.

"మందు పోస్తున్నావా, దూడకి గొట్టం పెడుతున్నావా?" అంది.

"మీరొచ్చారుగా. మీరే పొయ్యండి" అన్నాను ఉక్రోషంగా.

"రేపట్నించీ నేనే చూస్తాలే" అని సంచి లోపల పెట్టి, పిల్ల మూతి కడిగింది.

మర్నాడు పొద్దున్నే వేడన్నం వండి, ముద్దపప్పు చేసింది. మా ఇళ్ళలో పిల్లలకి అన్నం అలవాటు చేసేదే పప్పూ నెయ్యితో. మొదటి ముద్ద అదే అయివుండాలి, పెళ్ళి భోజనమైనా అంతే. ఉప్పు వేయకూడదు కాబట్టి చప్పిడి పప్పే, నెయ్యి దగ్గర మాత్రం చెయ్యి జారనిచ్చింది. నేను పక్కనుండి చూస్తుండగానే మాత్రల పొడిని ముద్ద మధ్యలో పెట్టి, గుండ్రంగా చుట్టి, పిల్ల నోటికి అందించింది. అది నమలకుండానే మింగేసింది, తర్వాత కడుపునిండా అన్నం తింది. వాంతి లేదు.

నేను మా ఆయనకి ఫోన్ చేసి ఇక లారీలు ఆపుకోవచ్చని చెప్పాను. అత్తయ్య మాత్రం గెలిచినట్టు కనిపించలేదు. కంచం కడుగుతూ, "పిల్ల నా కళ్ళల్లోకి చూసి నోరు తెరిచింది" అంది. అదేం మాటో నాకు అప్పుడు అర్థం కాలేదు. జన్మలో మోసం చేయని మనిషికి మొదటి మోసం అంత తేలిగ్గా అరగదని ఇప్పుడు అనిపిస్తుంది.

అలవాటు లేని పని కాబట్టి రెండోరోజే దొరికిపోయింది. పొడి సరిగ్గా నలగలేదు. పలుకు పంటికింద పడింది. అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. నోట్లో ముద్దని అరచేతిలోకి ఊసి, దాన్ని వేళ్ళతో విప్పి చూసుకుని, "నానమ్మా, ఇందులో ఉంది" అంది. అంతే.

అది మందు ఒక్కటే మానేస్తే బాగుండేది. అన్నం మానేసింది. ఈ మాత్రల గుణం ఏమిటంటే లోపలికి పోయిన కాస్తకే విపరీతమైన ఆకలి పుట్టిస్తాయి. కడుపు మాడుతుంటే కంచం ముందు కూర్చుని ప్రతి ముద్దనీ విప్పి చూసేది. పప్పు ముట్టుకోలేదు. నెయ్యి వాసన తగిలితే మొహం తిప్పేసేది. పెరుగన్నం కెలికి కెలికి నీళ్ళు చేసి వదిలేసేది. బిస్కెట్టుని విరిచి మధ్యలో వెతికేది. ఒకరోజు గ్లాసుతో మంచినీళ్ళిస్తే నావైపే చూస్తూ, "నువ్వు ముందు తాగు" అంది. అయిదేళ్ళ పిల్ల. నేనో గుక్క తాగి గ్లాసు దానికిచ్చాను. పట్టీ చూస్తే అదే చింతాకు రంగు. ఇంకొన్ని రోజులు చూసి, లాభం లేకపోతే బయల్దేరి వచ్చేయమన్నారు డాక్టరు ఫోన్లో.

ఆ సాయంత్రం మావయ్య కూడా వచ్చారు. అందరం కూర్చుని ఉండగా అత్తయ్య అంది, "తప్పు నాది. మందు చేదని దానికి ముందే తెలుసు. అన్నాన్ని కూడా నమ్మకూడదని నేను నేర్పా."

"మీరు మంచికే చేశారు కదత్తయ్యా" అన్నాను.

"మంచికే చేశా. అయినా తప్పే. మాత్ర పడిపోతే ఇంకోటి కొనుక్కొస్తాం. అన్నం పెట్టే చేతి మీద నమ్మకం ఏ కొట్లో దొరుకుద్ది?"

నేను స్కూల్లో చాలామంది పెద్దమనుషుల్ని చూశాను. తప్పు చేశామని ఒప్పుకునేటప్పుడు వాళ్ళ గొంతు సన్నబడుతుంది, లేకపోతే దేవుడి మీదకో కాలం మీదకో తోసేస్తారు. ఈవిడ గొంతు మామూలుగానే ఉంది. ఒప్పుకోవడం అయిపోయింది, ఇక బాగుచేసే పని చూడాలి, అన్నట్టు లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు సర్దుకుంది. నాకు ఆవిడంటే ముచ్చట మొదలైంది అక్కడే.

పొద్దున్నే వంటింటి నేల మీద చిన్న దుకాణం తెరిచింది. ఒక మాత్ర, చెంచా, తేనె సీసా, బెల్లం ముక్క, నెయ్యి గిన్నె, మీగడ, ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు, పుక్కిలించడానికి చెంబుడు నీళ్ళు.

"ఏంటత్తయ్యా ఇది?"

"ముందు అదెంత చేదో నాకు తెలియాలిగా."

మాత్రని చెంచా వెనకతో నలిపి, వేలి కొసకి కాస్త అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. పచ్చి కాకరకాయ కరకరా నమిలి, "వగరు లేదు, ముదురు కాయ" అని చెప్పగలిగే మనిషి. అలాంటి మనిషి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కాకరకాయ చేదు వచ్చి పోద్దే అమ్మాయ్. ఇది వచ్చి కూర్చుంటది" అంది.

తర్వాత ఒక్కోటీ చూసింది. పొడి రవ్వంత అద్దడం, దాని మీద ఏదో ఒకటి పెట్టుకోవడం, నోరు పుక్కిలించడం. తేనె లాభం లేదు, జారిపోతుంది. బెల్లం అంతే. "ఉప్పు రాస్తే ఏ చేదన్నా విరుగుద్ది, దీనికేమో ఉప్పు కూడదంటిరి" అని విసుక్కుంది. నెయ్యీ మీగడా నయం, నాలుకకి పూతలా పట్టుకుంటాయి. కానీ పిల్ల వాటిని దగ్గరికి రానివ్వదు. ముందు ఐసు ముక్క చప్పరిస్తే నాలుక మొద్దుబారి చేదు సగమే తెలుస్తుంది. చివరికి తను తెచ్చిన స్టీలు డబ్బా మూత తీసింది.

అందులో మామిడి తాండ్ర. ఎండాకాలంలో తోటలో రసాలు పిండి, బెల్లం కలిపి, చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టింది. బజార్లో దొరికే మెత్తటి రకం కాదది. కొరికితే సాగుతుంది, అంగిలికి అంటుకుంటుంది, పులుపూ తీపీ కలిసి చాలాసేపు నోట్లోనే ఉంటాయి. చిన్న ముక్క నోట్లో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నేను కాఫీ కలుపుతూ ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ఇదీ" అంది కాసేపయ్యాక. "తీపొక్కటే అయితే దాని చేదు దానిదే, దీని తీపి దీనిదే. పులుపుంటే చేదు దారి తప్పుద్ది. పైగా ఇదీ వచ్చి కూర్చుంటది."

ఆ ఉత్సాహంలోనే ఇంకో మాట అంది. అసలు పొడి చేసి చేదుని నోరంతా పరుస్తున్నది మనమేనని, గుండుగా ఉన్నదాన్ని గుండుగానే గొంతులోకి పంపిస్తే నాలుకకి తెలిసేదెంతని.

"అయిదేళ్ళ పిల్ల ఎట్లా మింగుద్ది అత్తయ్యా?"

"నేర్పుదాం. దానికి రాని పనా ఏంటి?"

కానీ నేర్పాలంటే ముందు అది మన దగ్గర నోరు తెరవాలి. వంటింటి వెనక దొడ్లోకి దిగే రెండు మెట్లున్నాయి, ఎదురుగా కరివేపాకు చెట్టు. అత్తయ్య దాన్ని తీసుకెళ్ళి పై మెట్టు మీద కూర్చోబెట్టి, తను కింది మెట్టు మీద కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నేను ముద్దలో మాత్ర పెట్టా. నీకు చెప్పలేదు. అది తప్పు. ఇంకెప్పుడూ పెట్టను, ఒట్టు" అని తన తల మీద తనే చెయ్యి పెట్టుకుంది. "ఇక అన్నం తినే చోట మాత్ర ఉండదు. మాత్ర వేసుకునేది ఇదిగో, ఈ మెట్టు మీదే. మాత్రని మాత్రనే చెప్తా. చేదుంటే చేదనే చెప్తా."

అమ్మాయి కరివేపాకు చెట్టు వంక చూస్తూ అడిగింది.

"పప్పులో?"

"పప్పులో లేదు."

"నెయ్యిలో?"

"లేదు తల్లీ."

"నీళ్ళల్లో?"

"లేదు."

"అమ్మ దగ్గర?"

అత్తయ్య నావైపు చూసింది. నా సంగతి నన్నే చెప్పుకోమన్నట్టు. "నా దగ్గర కూడా లేదురా" అన్నాను.

ఆ పూట పప్పన్నం తింది. మొదట్లో కొన్ని ముద్దలు విప్పి చూసింది, తర్వాత చూడలేదు. తను తినడం చూస్తూ నేను తినడం మర్చిపోయాను. నా కంచంలో అన్నం చల్లారిపోయిందని అత్తయ్య తిట్టింది.

మింగడం నేర్చుకునేదాకా పొడే ఇచ్చాం, కాకపోతే చెప్పి ఇచ్చాం. ముందు ఐసు ముక్క, తర్వాత తాండ్రలో చుట్టిన మందు, ఆ వెనక ఇంకో తాండ్ర ముక్క. చేదే, ఏడుస్తూనే వేసుకునేది. ఒకోరోజు నిలిచేది, ఒకోరోజు లేదు.

సాయంత్రాలు అదే మెట్టు మీద పాఠం. సగ్గుబియ్యం ఉడకబెట్టి చల్లార్చిన గిన్నె ఒకటి, రెండు గ్లాసుల నీళ్ళు. ఒక్క గింజ నాలుక మీద పెట్టుకుని నమలకుండా నీళ్ళతో గుటక వేయాలి. మొదటిరోజు అమ్మాయి భయపడి మూతి బిగించింది. అప్పుడు అత్తయ్య తనూ ఒక చెంచా పట్టుకుంది.

"నాకూ మాత్ర మింగడం రాదే. ఎప్పుడూ నూరుకుని మజ్జిగలో కలుపుకునేదాన్నే. ఇద్దరం కలిసి నేర్చుకుందామా?" అంది.

ఆవిడకి బీపీ మాత్ర ఉంది. నిజంగానే ఆ రోజుల్లో దాన్ని నూరి మజ్జిగలో కలుపుకోవడం నేను కళ్ళారా చూశాను. ఇంత వయసొచ్చి మాత్ర మింగలేని మనిషి పిల్లకేం నేర్పుతుందని నాకు లోపల చిరాకే. "తనకి రాని ఈత దానికి నేర్పుతోంది" అని మా ఆయనతో అన్నాను కూడా. "మా అమ్మ బావిలో దూకి ఈదేది తెలుసా" అన్నాడాయన, మాట అర్థం చేసుకోకుండా.

స్కూలు నుంచి వచ్చేసరికి దొడ్లోంచి దగ్గూ నవ్వులూ వినిపించేవి. అత్తయ్య గుటక వేసేది, గింజ మళ్ళీ నాలుక మీదకి వచ్చేది. పొలమారేది. నీళ్ళు గడ్డం మీదుగా చీర మీదకి కారేవి. అమ్మాయి పకపకా నవ్వి, ఆవిడ వీపు నిమిరి, పంతులమ్మలా చెప్పేది. "తల పైకెత్తకు నానమ్మా. నీళ్ళు ఎక్కువ తీసుకో. దాని గురించి ఆలోచించకు." చెప్పాక తను చేసి చూపించాలి కదా. చూపించేది. సన్న సగ్గుబియ్యం అయ్యాయి, లావువి అయ్యాయి. తాండ్రని మాత్రంత ఉండ చుట్టి మింగడం అయింది. ఒకరోజు పొద్దున అసలు మాత్ర నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుటక వేసింది. నోరు తెరిచి, నాలుక ఎత్తి, పక్కలు కూడా చూపించింది. ఏమీ లేదు. మిగతా మాత్రలూ ఒక్కోటే వెళ్ళిపోయాయి. చివరికి తాండ్ర ముక్క నోట్లో వేసుకుని కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది.

అత్తయ్యకి మాత్రం అప్పటికీ రాలేదు. "రేపు నీకూ వస్తదిలే" అని అమ్మాయే ఓదార్చింది. ఇంకో నాలుగు రోజులకి ఆవిడకీ వచ్చింది. పాలు పోసేవాళ్ళకీ పక్కింటివాళ్ళకీ దారిన పోయేవాళ్ళకీ, "మా నానమ్మకి మాత్ర మింగడం నేనే నేర్పా" అని వారం పాటు చెప్పుకుంది అమ్మాయి. అత్తయ్య పక్కనే నిలబడి, "అవును, అదే నేర్పింది" అనేది.

పొద్దున్నే అత్తయ్య బాత్రూం తలుపు దగ్గర నిలబడి "ఏం రంగు?" అని అడిగేది నన్ను. ఆవిడ కళ్ళకి పసుపూ లేతాకుపచ్చా తేడా తెలియదు. చింతాకు రంగు కొంచెం కొంచెంగా వెలిసింది. అవునో కాదో తేలని రంగు కొన్నాళ్ళుంది. ఒకరోజు పట్టీని డబ్బా మీద బొమ్మతో పెట్టి చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసి, "పసుపు అత్తయ్యా" అన్నాను.

"నా కోసం చెప్పకు. నిజం చెప్పు."

"నిజమే."

చటుక్కున ఆ పట్టీ అందుకుని కళ్ళకద్దుకోబోయి, అది ఎందులో ముంచిందో గుర్తొచ్చి ఆగిపోయింది. ఇద్దరం అక్కడే, బాత్రూం గుమ్మంలో, నవ్వీ ఏడ్చీ మా ఆయన్ని నిద్ర లేపాం. ఆ తర్వాత డాక్టరు మందు తగ్గించుకుంటూ వచ్చి, ఒకరోజు ఆపేశారు. అత్తయ్య డబ్బా తీసుకుని వినగడప వెళ్ళిపోయింది. మా మధ్య పాత దూరం మళ్ళీ వచ్చింది కానీ, అది నాకు అంత మంచి దూరంలా అనిపించలేదు.

ఇప్పుడు అమ్మాయికి ఎనిమిదేళ్ళు. మొన్న జలుబు చేసి తగ్గాక మళ్ళీ కళ్ళు ఉబ్బాయి. ఇలా తిరగబెట్టొచ్చని డాక్టరు ముందే చెప్పారు, ఈసారి మందు పెద్ద మోతాదులోనే మొదలుపెట్టారు. ఇది రాసేనాటికి పట్టీ మళ్ళీ వెలుస్తోంది. కానీ ఆ మొదటిరోజు మాత్రం నా పాత భయాలన్నీ తలుపు తోసుకుని వచ్చాయి. నేను ఫోన్ చేసి చెప్పిన పూటకే అత్తయ్య స్టీలు డబ్బాతో బస్సు దిగింది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి, మెట్టు మీద కూర్చోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

అమ్మాయి పక్కన కూర్చుంది. మధ్యలో మాత్రలు, తాండ్ర ముక్కలు. అత్తయ్య తన బీపీ మాత్ర అరచేతిలో పెట్టుకుని, "అలవాటు తప్పిందే. మళ్ళీ గొంతుకి అడ్డం పడుతోంది. ఎట్లా మింగాలో చెప్పవూ" అంది.

అమ్మాయి ఆవిడ వంక చూసి నవ్వింది. "నానమ్మా, నీకు మింగడం వచ్చు."

"నువ్వు నేర్పావుగా, అప్పుడొచ్చింది."

"కాదు. ముందే వచ్చు. నాకింకా సగ్గుబియ్యం మింగడమే వచ్చినప్పుడు చూశా. ఫ్రిజ్ పక్కన నిలబడి మోకాళ్ళ మాత్ర వేసుకున్నావు. నీళ్ళు కూడా తాగలేదు."

అత్తయ్య అరచేతిలో మాత్రని అటూ ఇటూ దొర్లించింది. పొలమారడం, గడ్డం మీద నీళ్ళు, తడిసిన చీర, నూరి మజ్జిగలో కలిపిన మాత్ర, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. నేను లోపల చిరాకు పడుతూ చూసినవన్నీ. మాత్ర గురించి అబద్ధం చెప్పనని ఒట్టేసుకుంది, ఆ ఒట్టు తప్పలేదు. తన గురించి మాత్రం రోజూ అబద్ధమాడింది, పిల్ల ముందు రోజూ ఓడిపోయింది, నాకు కూడా తెలియనివ్వలేదు.

"మరి అప్పుడే అడగలేదేంటే?" అంది అత్తయ్య.

"అడిగితే నువ్వు నేర్చుకోవడం మానేస్తావుగా. నీకు నేర్పుతుంటే నాకు చేదు గుర్తొచ్చేది కాదు."

ప్రతి ముద్దనీ విప్పి చూసిన పిల్ల. గ్లాసుడు నీళ్ళు నన్ను ముందు తాగమన్న పిల్ల. ఈ ఒక్క అబద్ధాన్ని విప్పి చూసి, ఏముందో తెలుసుకుని, మళ్ళీ అలాగే చుట్టి లోపల పెట్టుకుంది. అత్తయ్య పమిట కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "దొంగమొహమా" అంది. ఆ గొంతు మామూలుగా లేదు.

అమ్మాయి ఆవిడకి నీళ్ళ గ్లాసు అందించింది. "అయినా చెప్తా, విను. తల పైకెత్తకు. నీళ్ళు ఎక్కువ తీసుకో. దాని గురించి ఆలోచించకు."

అత్తయ్య మాత్ర నాలుక మీద పెట్టుకుని, ఏమీ రానిదానిలా, తల వంచుకుని వింది.